హాగా, బ్యారెలా, గోలెమా? మీ నెట్టుకు, మీ చేతికి సరిపోయే క్లాష్ రాయల్ డెక్

అనంతపురం గడియార స్తంభం దగ్గర్లో నాదొక చిన్న మొబైల్ రిపేరు అంగడి. స్క్రీన్ మార్చమని ఫోన్ ఇచ్చేసి, పని అయ్యేదాకా బెంచీ మీద కూర్చుని పక్కవాడి ఫోన్లోకి తొంగిచూసే పిల్లలు రోజూ ముగ్గురు నలుగురుంటారు. పక్కవాడు ఆడేది చాలాసార్లు క్లాష్ రాయలే, అంటే ఇద్దరు ఎదురెదురుగా కార్డులతో సైనికులను దించి, మధ్యలోని వంతెనలు దాటించి ఒకరి టవర్లను ఒకరు కూల్చే ఫోన్ ఆట. ఓడినోడు చెప్పేమాట కూడా దాదాపు ఒకటే: "అన్నా, లాగ్ కరెక్టుగానే ఏసినా. అది పొయ్యేలోపల గాబ్లిన్లు టవర్ని గీకేసినాయి. నెట్టు సరిగ లేదన్నా."

లాగ్ అంటే నేలమీద దొర్లే దుంగ కార్డు, గాబ్లిన్లు అవతలివాడు దించే చిన్న సైనికులు. నెట్టు సరిగా లేదన్న మాట సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, వాడు ఎంచుకున్న డెక్, అంటే ఆటకు తీసుకెళ్ళే ఎనిమిది కార్డుల జట్టు, వాడి నెట్టుకు, వాడి చేతివేగానికి, వాడికున్న ఓపికకు సరిపడనిది. "ఏ డెక్ బాగుంటుంది" అని అడగడం "ఏ చెప్పులు బాగుంటాయి" అని అడిగినట్టే. కాలి కొలత చెప్పకుండా జవాబు రాదు. ఆ కొలత తీసుకోవడానికే ఇది రాస్తున్నాను.

టైమింగ్ వేరు, అంచనా వేరు

చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. మా నాయన వేరుశనగ సేద్యంతో చెప్తే సులభంగా అర్థమవుతుంది. వాన పడి నేల పదునైన రోజున విత్తడం టైమింగ్. ఆ వాన వస్తుందని లెక్కేసి గొర్రును, విత్తనాన్ని ముందే సిద్ధం చేసుకోవడం అంచనా. వాన పడినాక విత్తనాల కోసం లైన్లో నిలబడినోడు ఎంత పరిగెత్తినా ఎర్రనేల ఆగదు, ఆరిపోతుంది.

ఆటలోనూ అంతే. అవతలివాడు కార్డు వేయడం మీరు చూసి, వేలు కదిలేసరికి సుమారు పావు సెకను పోతుంది. మీరు వేసిన కార్డు సర్వర్‌కు చేరడానికి నెట్టు బాగుంటే పదోవంతు సెకను, బాగాలేకుంటే అంతకు రెండు మూడింతలు. ఆపైన, చాలా సైనికుల కార్డులు నేలమీద పడినాక కదలడానికి ఒక సెకను తీసుకుంటాయి. ఈ మూడింటిలో మీ చేతిలో ఉన్నది మొదటిది ఒక్కటే. దాన్ని ఎంత సాధన చేసినా పావు సెకను పదోవంతు కాదు.

అంచనాకు ఈ ఆలస్యాలేవీ అంతగా తగలవు, ఎందుకంటే అవతలివాడు వేయకముందే మీ కార్డు బయలుదేరి ఉంటుంది. నెట్టు నెమ్మదిగా ఉన్నవాళ్ళు చేతివేగం మీద ఆధారపడే డెక్ వదిలి, అంచనా మీద ఆధారపడేది పట్టుకోవాలని నేను చెప్పడానికి కారణం ఇదే. ఒక్క మినహాయింపు ఉంది. నెట్టు ఎప్పుడూ ఒకే రకంగా నెమ్మదిగా ఉంటే దానికి అలవాటు పడొచ్చు. ఒక నిమిషం బాగుండి ఇంకో నిమిషం ఆగిపోయే నెట్టుకు ఏ డెక్కూ మందు కాదు.

అంచనా అంటే గుడ్డిగా గురిపెట్టడమనీ అనుకోవద్దు. దాని వెనక రెండు లెక్కలున్నాయి.

మొదటిది ఎలిక్సిర్ లెక్క. ఎలిక్సిర్ అంటే కార్డు వేయడానికి ఖర్చుపెట్టే శక్తి. మామూలు సమయంలో ఇద్దరికీ 2.8 సెకన్లకు ఒకటి చొప్పున ఎలిక్సిర్ వస్తుంది. 3 నిమిషాల ఆటలో చివరి నిమిషం అది 1.4 సెకన్లకు ఒకటవుతుంది. ఎవరి దగ్గరైనా 10కి మించి నిలవదు. అవతలివాడి దగ్గర ఎంతుందో ప్రతి క్షణం లెక్కపెట్టడం నావల్ల కాదు, మీవల్లా కాదు. తేడా ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. ఇద్దరికీ రాబడి ఒకటే కాబట్టి ఖర్చులో తేడాయే మిగులులో తేడా. వాడు 5 పెట్టి మినియన్ హోర్డ్ దించాడు, మీరు 3 పెట్టి యారోస్‌తో చంపారు: మీకు రెండు మిగులు. అంగడిలో ఖాతా రాసుకున్నట్టే. మీరుగానీ వాడుగానీ 10 దగ్గర ఊరికే ఆగి ఉంటే మాత్రం ఈ లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఆ సమయంలో రావాల్సింది వృథా అయిపోతుంది.

రెండోది కార్డుల వరస. డెక్‌లో ఎనిమిది కార్డులు, చేతిలో నాలుగు. వాడిన కార్డు వరస చివరికి పోతుంది. మళ్ళీ చేతికి రావాలంటే ఇంకో నాలుగు కార్డులు ఆడాల్సిందే. ఈ ఒక్క నియమం పట్టుకుంటే ఆటలో సగం అంచనా మీ చేతికొచ్చినట్టే.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

నేను చూసే విషయాలు నాలుగు. తప్పు చేస్తే దిద్దుకోవడానికి ఎంత సందు దొరుకుతుంది. లెక్క ఎంత గట్టిగా పెట్టాలి. కార్డులు పోగుచేసి పెంచడానికి ఎంత కాలమో, ఎంత డబ్బో పడుతుంది. నెట్టు తడబడితే ఎంత నష్టం. పిల్లలు గెలుపు శాతం ఎంతని అడుగుతుంటారు. సూపర్‌సెల్ కంపెనీ కార్డుల బలాన్ని తరచూ మారుస్తుంటుంది కాబట్టి ఈ నెల శాతం వచ్చే నెలకు చెల్లదు. 2023లో ఎవల్యూషన్ కార్డులు (పాత కార్డులకే బలమైన రూపాలు) వచ్చినాక ఇంకా మారింది. ఆట 2016 మార్చిలో అందరికీ విడుదలైంది. అందులో ఏళ్ళ తరబడి రూపం మారుతూ అయినా నిలబడిన నాలుగు తీరులనే ఇక్కడ పోల్చాను.

| | హాగ్ సైకిల్ | లాగ్ బెయిట్ | గోలెం | పెక్కా బ్రిడ్జ్ స్పామ్ |
|---|---|---|---|---|
| సగటు ఎలిక్సిర్ | 2.6 | 3.3 | 4 పైన | 3.9 |
| చేతి టైమింగ్ | చాలా కావాలి | ఓ మోస్తరు | తక్కువ | ఎక్కువ |
| అంచనా, లెక్క | ఎక్కువ | చాలా ఎక్కువ | ఓ మోస్తరు | ఓ మోస్తరు |
| నెట్టు తడబడితే | టవర్ పోతుంది | కొంత నష్టం | తట్టుకుంటుంది | దాడి వృథా |
| కార్డులు పెంచడం | సులభం | మధ్యస్థం | కష్టం | బాగా కష్టం |

హాగ్ సైకిల్: చవక కార్డులు, ఖరీదైన తప్పులు

హాగ్ రైడర్ (పంది మీద వచ్చి నేరుగా టవర్ల మీదికి పోయేవాడు), మస్కటీర్, ఫైర్‌బాల్, కానన్, ఐస్ గోలెం, లాగ్, ఐస్ స్పిరిట్, స్కెలిటన్స్. ఎనిమిదీ కలిపి 21 ఎలిక్సిర్. లాగ్ ఒక్కటే లెజెండరీ (బాగా అరుదైన రకం), మిగతావన్నీ కామన్‌లు, రేర్‌లే, అంటే తేలిగ్గా దొరికేవే. రూపాయి పెట్టకుండా ఆడేవాడికి ఇంతకంటే తొందరగా పెరిగే డెక్ ఈ నాలుగింటిలో లేదు. మా బెంచీ మీద పిల్లల్లో ఎక్కువమంది దీనితోనే మొదలుపెడతారు. ఎక్కువమంది దీనితోనే దెబ్బతింటారు కూడా.

దీని బలం తిరుగుడులో ఉంది. హాగ్ వేసినాక స్కెలిటన్స్, ఐస్ స్పిరిట్, లాగ్, ఐస్ గోలెం ఆడితే అయ్యేది 6 ఎలిక్సిర్. మళ్ళీ హాగ్‌కు 4. అంటే ఒక హాగ్‌కూ ఇంకో హాగ్‌కూ మధ్య 10 ఎలిక్సిర్, మామూలు సమయంలో 28 సెకన్లు. అవతలివాడిది బరువైన డెక్ అయితే, హాగ్‌ను ఆపే కార్డు ఒకసారి వాడినాక అది మళ్ళీ చేతికి రావడానికి వాడికి 12 పైనే పడుతుంది. వాడి కార్డు తిరిగొచ్చేలోపు మీ రెండో హాగ్ వంతెన మీద ఉంటుంది. ఈ డెక్ గెలిచేది అక్కడే. హాగ్‌ను చూసి కంగారుపడే అవతలివాడి వల్ల వచ్చే గెలుపులు కింది అరీనాల్లోనే, అంటే కొత్తవాళ్ళ మెట్లలోనే ఉంటాయి.

మరి కష్టమెక్కడ? కాపాడుకోవడంలో. స్కెలిటన్స్ అంటే ఒక ఎలిక్సిర్‌కు వచ్చే మూడు ఎముకల బొమ్మలు. వాటితో పెక్కాను (కవచం తొడుక్కున్న భారీ సైనికుడిని) దారి తిప్పాలంటే సరిగ్గా ఏ గడిలో, ఏ క్షణాన వేయాలో వేలికి తెలిసుండాలి. కానన్ అర సెకను ఆలస్యమైతే ఎదుటి హాగ్ మధ్యకు మళ్ళకుండా నేరుగా టవర్ మీదికి పోతాడు. మస్కటీర్ టవర్‌కు ఒక గడి దగ్గరగా పడితే ఒకే ఫైర్‌బాల్ దెబ్బ టవర్‌తో పాటు దానికీ తగులుతుంది. చవక కార్డులకు ప్రాణం తక్కువ. తప్పు చేస్తే సరిదిద్దడానికి వెనక బలగం ఉండదు.

అంచనా విషయానికొస్తే, హాగ్‌తో నేర్చుకోవాల్సింది ముందుగా లాగ్ వేయడం. వాడు రెండుసార్లు వరసగా మీ హాగ్ మీద స్కెలిటన్ ఆర్మీ వేశాడనుకోండి. మూడోసారి హాగ్ వంతెన దాటుతుండగానే, వాడు వేయకముందే లాగ్ దొర్లించండి. వాడి స్కెలిటన్లు కళ్ళు తెరిచేసరికి లాగ్ పైనుంచి పోతుంది. తప్పితే పోయేది 2 ఎలిక్సిర్. తగిలితే టవర్‌లో పెద్ద భాగం. నా సలహా ఒకటే: మొదటిసారే అలా వేయకండి. వాడి అలవాటు ఒక్కసారైనా చూసినాకే వేయండి. మొదటిసారి వేసేది అంచనా అనిపించుకోదు, లాటరీ.

లాగ్ బెయిట్: ఎర వేసి కూర్చునేవాడి ఆట

గాబ్లిన్ బ్యారెల్ (గాల్లో ఎగిరొచ్చి గాబ్లిన్లను దించే పీపా), ప్రిన్సెస్, గాబ్లిన్ గ్యాంగ్, నైట్, రాకెట్, ఇన్‌ఫెర్నో టవర్, ఐస్ స్పిరిట్, లాగ్. ఈ నాలుగింటిలో నాకు ఇష్టమైనది ఇదేనని ముందే ఒప్పుకుంటాను. కాబట్టి ఈ భాగంలో నా పొగడ్తను కొంచెం తగ్గించుకుని చదవండి.

చిన్నప్పుడు ఊళ్ళో గుడి అరుగు మీద పులి-మేక ఆడినవాళ్ళకు ఇది వెంటనే పట్టుబడుతుంది. మేకలవాడు ఒక మేకను ఎందుకు అప్పగిస్తాడు? పులిని ఒక మూలకు రప్పించడానికి. ఇక్కడ ప్రిన్సెస్ ఆ మేక. గాబ్లిన్ గ్యాంగ్ ఇంకో మేక. అవతలివాడు విసుగెత్తి దాని మీద లాగ్ వాడిన మరుక్షణం మీరు బ్యారెల్ విసరాలి. లాగ్ మళ్ళీ వాడి చేతికి రావాలంటే నాలుగు కార్డులు ఆడాలి. వాడిది పైన చెప్పిన 2.6 డెక్కే అయితే అతి చవకైన నాలుగు కలిపి 7 ఎలిక్సిర్, అంటే సుమారు 20 సెకన్లు. చేతిలో మిగులు ఉంటే అంతకంటే తొందరగా తిప్పుకుంటాడు. బరువు డెక్ అయితే ఇంకా ఎక్కువ సమయం దొరుకుతుంది.

చూడండి, ఇందులో చేతివేగం పని ఎంత? చాలా తక్కువ. లాగ్ పోయిందని తెలిశాక ఒక సెకను ఆలస్యంగా బ్యారెల్ వేసినా నష్టం లేదు. నెట్టు కొంచెం నెమ్మదైనా పని జరుగుతుంది. కానీ లెక్క తప్పిందా, బ్యారెల్ నేరుగా లాగ్ నోట్లోకి పోతుంది.

పై అరీనాలకు పోయేకొద్దీ అవతలివాడు కూడా అంచనా వేస్తాడు. బ్యారెల్ గాల్లో ఉండగానే లాగ్ దొర్లిస్తాడు. అప్పుడు బ్యారెల్‌ను ఎప్పుడూ వేసేచోట కాకుండా టవర్ వెనక్కో పక్కకో వేయాలి. వాడి లాగ్ ఖాళీ నేల మీద పోతుంది, గాబ్లిన్లు మిగులుతారు. వాడు మీ అంచనాను అంచనా వేస్తున్నాడని మీరు అంచనా వేయడమన్నమాట. ఇక్కడికొచ్చినాక ఆట మజానే వేరు. ఒక్క రహస్యం చెప్తాను: మొదటి రెండు బ్యారెళ్ళు ఒకేచోట వేయండి. మూడోది మార్చండి. రెండుసార్లు చూసినదాన్ని మనిషి నమ్ముతాడు.

చిక్కు ఎక్కడంటే సుడిగాలిలా సైనికులను లాగే టొర్నాడో కార్డు ఉన్నవాడి దగ్గర. గాబ్లిన్లను కింగ్ టవర్ (మొదట్లో నిద్రపోతుండే నడిమి టవర్) దగ్గరికి లాగి దాన్ని మేల్కొలిపితే, ఆ ఆటలో ఇక మీ బ్యారెల్ సగం చచ్చినట్టే. అప్పుడు మిగిలేది రాకెట్. అది మెల్లగా ఎగురుతుంది కాబట్టి కదిలేవాటి మీద కాక నిలబడినవాటి మీద వాడాలి. చివర్లో కొంచెం ప్రాణంతో మిగిలిన టవర్‌కు అది సరిగ్గా సరిపోతుంది. కార్డుల విషయంలో ప్రిన్సెస్, లాగ్ లెజెండరీలు, బ్యారెల్ ఎపిక్ (రేర్‌కూ లెజెండరీకీ మధ్య రకం). హాగ్ కంటే నెమ్మదిగా పెరుగుతుంది, అయినా భరించలేనంత కాదు.

గోలెం: ఓపికున్నవాడికి

గోలెం అంటే మెల్లగా నడిచే రాతి రాక్షసుడు. ఖరీదు 8 ఎలిక్సిర్. ఉత్త చేతులతో మొదలుపెడితే అది పోగవడానికే 22 సెకన్లు. కింగ్ టవర్ వెనక దించితే వంతెన చేరడానికి పావు నిమిషం పైనే పడుతుంది. ఆలోగా అయిదారు ఎలిక్సిర్ మళ్ళీ పోగవుతుంది. దాంతో నైట్ విచ్, బేబీ డ్రాగన్, లంబర్‌జాక్‌లలో ఒకరు వెనకాల చేరతారు. మా వైపు బండలాగుడు పోటీలు చూసినవాళ్ళకు ఈ నడక తెలిసిందే: కదిలేది మెల్లగా, కదిలినాక ఆపడం కష్టం.

నెట్టు బాగాలేని ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు నేను దీన్నే చెప్తాను. తీసుకోవాల్సిన నిర్ణయాలు తక్కువ, ఒక్కోదానికి సెకన్ల కొద్దీ సమయం ఉంటుంది. అర సెకను పోయినా గోలెం ఎక్కడికీ పారిపోదు. ఈ డెక్‌లో ఉంచుకునే ఒక్క టొర్నాడోకు మాత్రం కచ్చితమైన టైమింగ్ కావాలి.

అసలు పరీక్ష, గోలెం ఎప్పుడు దించాలి అన్నది. 10 ఉన్నప్పుడు దించితే మీ దగ్గర 2 మిగిలిందని అవతలివాడికి తెలుసు. వెంటనే రెండో వైపు నుంచి మొత్తం బలంతో పడతాడు. అందుకే వాడి పెద్ద దాడి కార్డు ఇప్పుడే పోయిందా లేదా చూసుకోవాలి. పోయుంటే దించండి. వాడి చేతిలో హాగో, బ్యాటిల్ ర్యామో ఉందని అనుమానమొస్తే ఆగండి. డబుల్ ఎలిక్సిర్ (పైన చెప్పిన చివరి నిమిషం) మొదలయ్యేదాకా చిన్నచిన్న కార్డులతో నెట్టుకురావడం తప్పు కాదు. ఒక టవర్ కొంత పోయినా పర్లేదు. ఓపిక లేనివాడు మొదటి నిమిషంలోనే గోలెం దించి, రెండో నిమిషంలో ఫోన్ పక్కన పెట్టేస్తాడు.

కార్డులు పోగుచేయడానికి కాలం పడుతుంది. గోలెం ఎపిక్, నైట్ విచ్, లంబర్‌జాక్ లెజెండరీలు.

పెక్కా బ్రిడ్జ్ స్పామ్ గురించి నాలుగు మాటలు

పెక్కా, బ్యాటిల్ ర్యామ్, బాండిట్, రాయల్ ఘోస్ట్, ఎలక్ట్రో విజార్డ్, మ్యాజిక్ ఆర్చర్, పాయిజన్, జాప్. చూడ్డానికి హుషారుగా ఉంటుంది. వాడి ఎలిక్సిర్ ఖాళీ అయిన క్షణం చూసి వంతెన దగ్గరే దించి పడేయడం దీని పద్ధతి. ఆ క్షణం రెండు మూడు సెకన్లే ఉంటుంది. నెట్టు ఆ సమయాన తడబడితే దాడి మొత్తం వృథా. పైగా ఎనిమిదింటిలో నాలుగు లెజెండరీలు. ఇప్పటికే ఆ కార్డులు పెరిగి ఉంటే తప్ప, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేను దీన్ని చెప్పను.

మీరెవరు?

హాస్టల్లో ఉండి రోజుకు గంట ఆడేవాడివి, వైఫై బాగుంది, డబ్బు పెట్టలేవు: హాగ్ తీసుకో తమ్ముడూ. మొదటి నెల ఓడిపోతావు. ఆ ఓటములు నేర్పే టైమింగ్ తర్వాత ఏ డెక్‌కైనా పనికొస్తుంది.

డ్యూటీ అయ్యాక రాత్రి రెండు మూడు ఆటలు మాత్రమే ఆడే పెద్దవాళ్ళకు లాగ్ బెయిట్. వేలు వేగం తగ్గినా లెక్క తగ్గదు. నలభై దాటిన మా బావ ఒకరు పిల్లలను దీనితోనే ఏడిపిస్తుంటాడు.

కళ్యాణదుర్గం వైపో, ఉరవకొండ వైపో పల్లెలో సిగ్నల్ కోసం మిద్దె ఎక్కే రకమైతే గోలెం. కార్డులు పెరిగేదాకా బదులుగా జెయింట్ వాడుకోవచ్చు. 5 ఎలిక్సిరే, రేర్ కార్డు, నడక అదే తరహా.

పిల్లవాడు ఆడుతుంటే పక్కన కూర్చుని కంగారుపడే అమ్మానాన్నలకు ఒక మాట. ఇది ఉచితంగా ఆడే ఆట, కానీ లోపల కొనడానికి వస్తువులుంటాయి. ప్లే స్టోర్‌లో కొనుగోలుకు పాస్‌వర్డ్ పెట్టండి. 'ఎంట్రీ కట్టు, గెలిస్తే డబ్బులు' అనే యాప్‌ల సంగతి పూర్తిగా వేరు. డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. వాటి జోలికి పోనివ్వకండి.

డెక్ మార్చేముందు ఫోన్ చూడండి

ఇది నా వృత్తి కాబట్టి చెప్పకుండా ఉండలేను. మన ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో 'ఆట తడబడుతోంది' అని తెచ్చే ఫోన్లలో చాలావాటికి నెట్టు బాగానే ఉంటుంది. ఫోన్ కాలిపోతుంటుంది. వేడెక్కిన ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. చార్జింగ్ పెట్టి ఆడితే ఇంకా ఎక్కువ. చార్జర్ తీసేయండి, మందపాటి కవర్ తీసేయండి, బ్యాటరీ సేవర్ ఆపండి. రూటర్ ఒకే గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్‌కు మారండి. గోడలు అడ్డముంటే 2.4 గిగాహెర్ట్జే నయం. ఇవన్నీ చేశాక కూడా తడబడితే అప్పుడు డెక్ సంగతి ఆలోచిద్దాం.

ఎంచుకున్నాక కనీసం మూడు వారాలు దాన్ని వదలకండి. రెండు ఓటములకే డెక్ మార్చేవాడికి ఏ డెక్ టైమింగూ చేతికి అంటదు. ఓడిన ఆట రీప్లే ఒక్కటి చూడండి, మీ తప్పులు కాకుండా అవతలివాడు ఏ కార్డు తర్వాత ఏది వేశాడో మాత్రమే. స్నేహితులతో ఫ్రెండ్లీ బ్యాటిల్‌లో ట్రోఫీలు పోవు కాబట్టి ముందుగా లాగ్ వేయడం లాంటివి అక్కడ సాధన చేయండి.

నెట్టు సరిగా లేదన్న ఆ పిల్లవాడు ఇప్పుడు లాగ్ బెయిట్ ఆడుతున్నాడు. లెక్క మనసులో నిలవడం లేదని పైకే చెప్పుకుంటాడు. నిన్న సాయంత్రం ఒక పెద్దాయన సిమ్ వేయించుకోవడానికి వచ్చి కూర్చుంటే, పక్కన వీడు, "లాగ్ పాయె... ఒకటి... రెండు... మూడు..." అంటున్నాడు. పెద్దాయన నావైపు వంగి మెల్లగా అడిగాడు: "ఏమప్పా, ఆ పిల్లోనికి ఏమన్నా బాగలేదా?"